డ్రమ్ముల్లో వచ్చిన పుట్టింటి సారె

నా సర్వీసులో చాలా భాగం మంచినీళ్ళతోనే గడిచింది. బోర్లు, ట్యాంకులు, పగిలిన పైపులు, ఖాళీ బిందెలతో రోడ్డెక్కిన ఆడవాళ్ళు. రిటైరయ్యే ముందు చివరి పోస్టింగులో మాత్రం మురుగునీళ్ళు దక్కాయి. ఇన్నేళ్ళు జనానికి నీళ్ళు తాగించినందుకు ప్రభుత్వం ఇలా రుణం తీర్చుకుంటోందని మా ఇంట్లో వేళాకోళం చేశారు. ఇప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు కలిసినప్పుడు "మీ సర్వీసులో గొప్ప పని ఏది సార్?" అని అడుగుతుంటారు. ఏ పెద్ద ట్యాంకు గురించో చెబుతాననుకుంటారు. నేను ఒక మురుగు గుంట గురించి మొదలుపెడతాను. మొదట మొహాలు మాడ్చుకుంటారు గాని, లేచి వెళ్ళినవాళ్ళు ఇంతవరకూ లేరు.

ఆ ఊరు పిడుగురాళ్ల రోడ్డు దిగి పత్తి చేల మధ్య కాస్త దూరం పోతే వస్తుంది. చిన్న ఊరు. ప్రతి ఇంటి స్నానాల నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు, మరుగుదొడ్ల తొట్ల నుంచి పొర్లిన నీళ్ళు, అన్నీ సైడు కాలువల్లో పడి ఊరి చివరికి చేరేవి. అక్కణ్ణించి ఒక పాత మట్టి కాలువలో పడి వాగు దారి పట్టేవి. ఆ కాలువ ఒడ్డునే ఒక బావి ఉంది. ఆ బావి గేదెలు కాసుకునే ఒకావిడది. భర్త పోయాక గేదెలే ఆమెకు ఆధారం. ఎండాకాలం సాగర్ కాలువ కట్టేస్తే వాటికి ఆ బావి నీళ్ళే దిక్కు. ఊరి మురుగు ఊటలో కలిసి బావి కంపు కొట్టేది, గేదెలు మూతి పెట్టేవి కావు. ఆమె ఎక్కడెక్కడి నుంచో బిందెలతో మోసుకొచ్చి కుడితి తొట్లు నింపేది.

మేం మురుగు శుద్ధి చేయడానికి స్థలం వెతుకుతున్నామని తెలిసి ఆమే వచ్చింది. "నా బావిలో ఊరి మురుగు కలవకుండా చేస్తానని మాటియ్యండి సార్, బావికి ఎగువన ఉన్న నా పొలం చెక్క మీరే తీసుకోండి" అంది. ఆఫీసు తరఫున మాట ఇవ్వడం నాకు అలవాటు లేదు. ఎందుకో ఆ రోజు ఇచ్చాను.

పని చూడటానికి పెద్దదేం కాదు. యంత్రాలు లేవు, కరెంటు లేదు. వరసగా మూడు గుంటలు తవ్వాం. మొదటిది లోతైనది. మురుగు అందులో ఆగి, బరువైనదంతా అడుక్కి దిగుతుంది. ఆ అడుగున నల్లటి మడ్డి పేరుకుంటుంది, అందులో కంటికి కనపడని జీవులు చేరి మురుగును తింటూ ఉంటాయి. రెండోది వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటుంది. ఎండ బాగా తగిలి నీళ్ళు పచ్చబడతాయి, ఆ పచ్చదనమే నీటిలోకి ప్రాణవాయువు వదులుతుంది. మూడోదాంట్లో కంకర పోసి మెట్టతామర మొక్కలు నాటాం. గట్లకు మాచర్ల వైపు నుంచి తెచ్చిన నాపరాళ్ళు పరిచాం. మూడో గుంట దాటిన నీళ్ళు గేదెలావిడ గడ్డి మడికి పోతాయి. పాత కాలువ నోరు మట్టితో మూసేశాం.

మా వర్క్ ఇన్‌స్పెక్టరు మొదట్లో దాన్ని కంపు ప్రాజెక్టు అనేవాడు. తీరా నీళ్ళు పచ్చబడి, ముక్కుకు గుడ్డ లేకుండా గట్టు మీద నిలబడే రోజు వచ్చేసరికి తన చుట్టాలను కూడా తీసుకొచ్చి చూపించాడు. గేదెలావిడ బావి కూడా కొన్నాళ్ళకు తేరుకుంది. ఆమె బావి నీళ్ళు దోసిట్లో తీసుకుని వాసన చూసి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, నాకు గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. ఆ మజ్జిగ రుచి నా ప్రమోషన్ల కంటే బాగా గుర్తుంది.

అంతా బాగుంది కదా అనుకుంటుండగా జిల్లా పెద్దాఫీసరు చూడటానికి వస్తున్నట్టు కబురొచ్చింది.

మా వైపు ఒక మర్యాద ఉంది. ఊరికి పెద్దవాళ్ళు వస్తున్నారంటే రోడ్డుకు రెండు వైపులా సున్నంతో తెల్ల గీతలు పడాలి. మిగతా ఊళ్ళలో బస్తా సున్నంతో సరిపెట్టుకుంటారు. ఆ ఊరి సర్పంచి గారి బావమరిదికి పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీ ఉంది. ఏకంగా ట్రాక్టరు నిండా సున్నం దిగింది. బస్సు స్టాపు నుంచి గుంటల దాకా గీతలు పడ్డాయి, స్కూలు గోడలు తెల్లబడ్డాయి, చివరికి కరెంటు స్తంభాల మొదళ్ళు కూడా తెల్లబడ్డాయి. అయినా సున్నం మిగిలింది. బావమరిది ప్రేమగా పంపిన సరుకు వెనక్కి పంపడం బాగుండదనుకున్నారు. ఇంటికి పెద్దవాళ్ళు వస్తే గోడకు సున్నం కొట్టమా, గుంటకు మాత్రం ఎందుకు కొట్టకూడదు అనుకున్నారు. ఊరంతా ఉత్సాహంగా కలిసి మిగిలిన సున్నమంతా మొదటి రెండు గుంటల్లో కలిపేసింది.

నేను ఆఫీసరు కంటే కాస్త ముందుగా చేరాను. వర్క్ ఇన్‌స్పెక్టరు మెరిసిపోతున్న మొహంతో ఎదురొచ్చాడు. "సార్, ఒక్కసారి చూడండి. అద్దం లెక్క ఉంది" అన్నాడు.

నిజంగానే అద్దంలా ఉంది. పచ్చటి నీళ్ళు పోయి లేత నీలం రంగు నీళ్ళు వచ్చాయి. రెండో గుంట నీళ్ళలో మునిగిన గట్టు రాళ్ళు కూడా కనపడుతున్నాయి. నా జీవితంలో అంత అందమైన మురుగునీళ్ళు చూడలేదు. ఒక్క క్షణం నేనూ నోరు తెరిచి నిలబడిపోయాను. అప్పుడు తట్టింది, నీటి మీద రోజూ తిరిగే తూనీగలు లేవు. ఒక మూల గట్టుకు ఆనుకుని కప్పలు వెల్లకిలా తేలుతున్నాయి.

ఆఫీసరు వచ్చారు, చూశారు, ముచ్చటపడ్డారు. "కంపు లేదు, దోమ లేదు. ప్రతి ఊళ్ళో ఇలా ఉండాలి" అన్నారు. ఫోటోలు తీయించుకున్నారు. నేను గొంతు సవరించుకుని ఏదో చెప్పబోయేలోపు కారు ఎక్కేశారు. జనం చప్పట్లు కొట్టారు. చచ్చిపోయిన గుంటకు నా ఎదురుగా సన్మానం జరిగింది.

కారు కనుమరుగయ్యాక సర్పంచి గారు నా దగ్గరికొచ్చారు. "ఏంది సార్, అంత పెద్దాయన మెచ్చుకుంటంటే మీరు మొహం అట్టా పెట్టారు?"

"గుంటను చంపేశారు సర్పంచి గారూ."

"గుంటను చంపటమేంది? క్రిముల్ని చంపాం. సున్నానికి ఏ క్రిమి తట్టుకుద్ది?"

"ఆ క్రిములే మనకు కూలీ అడక్కుండా పనిచేసే కూలీలు. వాళ్ళు లేకపోతే మురుగు మురుగుగానే ఉంటుంది."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఇన్నాళ్ళూ క్రిముల్ని చంపండి, సున్నం చల్లండి అని ఊరూరా మైకులో చెప్పింది మీ ఆఫీసోళ్ళే గందా?"

చెప్పింది మేమే. వాళ్ళు విన్నారు, కాస్త ఎక్కువగా విన్నారు.

కొద్ది రోజులకే అద్దం మసకబారింది. ఊళ్ళోంచి కొత్త మురుగు వస్తూనే ఉంది, దాన్ని తినేవాళ్ళు లేరు. నీళ్ళు బూడిద రంగుకు తిరిగాయి. కంపు మొదలైంది. పాత కాలువ కంపు దీని ముందు అత్తరులాంటిదని జనం అనుకున్నారు. మెట్టతామర ఆకులు మాడిపోయాయి. గేదెలావిడ గడ్డి మడికి పోయే నీళ్ళు ఆపించాను. బయటికి పోయే దారి లేక నీళ్ళు గుంటల్లో గట్ల దాకా వచ్చాయి.

సరిగ్గా అప్పుడే సర్పంచి గారింట్లో పెళ్ళి దగ్గరపడింది. పందిరి వేసే చోటుకు గాలి నేరుగా గుంటల మీది నుంచే వస్తుంది. పెళ్ళివారు ముక్కులు మూసుకుని భోజనం చేయాలా అని ఇంట్లో గొడవ. ఆయన నన్ను పంచాయతీ ఆఫీసుకు పిలిపించారు. "మీ మాట మీద గౌరవం ఉంది సార్. పెళ్ళి లోపల కంపు పోతే సరే. పోకపోతే గట్టు తెగ్గొట్టి నీళ్ళన్నీ పాత కాలవలోకి వదిలేస్తాం. నేనేం చేసేది, ఊరు ఆగటంలా."

గేదెలావిడ గుమ్మం బయట నిలబడి వింటోంది. గట్టు తెగితే ఆ నీళ్ళన్నీ ఆమె బావి పక్కనే ఇంకుతాయి. నడివేసవి. ఆమె నన్నేమీ నిలదీయలేదు. "మాటిచ్చారు సార్" అంది, అంతే.

గుంటను వదిలేస్తే తనంతట తనే బతుకుతుందని నాకు తెలుసు. దానికి కొన్ని నెలలు పడుతుంది. మాకు అంత వ్యవధి లేదు. అడుగున పేరుకున్న సున్నపు ముద్దను ఇంజను పెట్టి తోడించి పక్కన ఆరబోయించాం. ఘాటు తగ్గిందో లేదో రోజూ రంగు కాగితం ముంచి చూసేవాణ్ణి. కొత్త మురుగు కలిసేకొద్దీ ఘాటు తగ్గింది. ఇక కావలసింది ప్రాణం. అది ఎలా తేవాలో చెప్పడానికి పంచాయతీ ఆఫీసులో పాఠం మొదలుపెట్టాను గాని ఎవరికీ ఎక్కలేదు. చివరికి గేదెలావిడ వైపు తిరిగి అడిగాను.

"పాలు కాచి చల్లార్చి అలాగే ఉంచితే పెరుగవుతుందామ్మా?"

"తోడెయ్యకుండా ఎట్టా అవుద్ది సార్? ఇరిగిపోతయ్యి."

"మన గుంటకూ తోడు కావాలి. బతికున్న గుంట అడుగు నుంచి నల్లమడ్డి, పై నుంచి పచ్చనీళ్ళు తెచ్చి ఇందులో కలపాలి."

ఈసారి అందరికీ ఎక్కింది. సర్పంచి గారు కూడా తల ఊపారు. "మరి ఆ తోడు యాడ దొరుకుద్ది?"

నేను ఊరు పేరు చెప్పాను. పొలాల మీదుగా పోతే ఆ పక్కదే. అదే పథకంలో అక్కడా గుంటలు కట్టించాం, చుట్టుపక్కల ఇప్పుడు బాగా పనిచేస్తున్నవి అవే. పేరు వినగానే ఒకరిద్దరు తువ్వాళ్ళు దులుపుకుని లేచారు. ఒక పాత ఎన్నికల గొడవలో రెండు ఊళ్ళూ కర్రలతో కొట్టుకున్నాయి. కోర్టు వాయిదాలకు తిరిగీ తిరిగీ కేసులు పోయాయి గాని పగ పోలేదు. పెళ్ళిపిలుపులు కూడా లేవు.

ఆఫీసు ద్వారా కాగితం తెప్పించవచ్చు. ఆ కాగితం వచ్చేసరికి పెళ్ళికూతురు తల్లి కూడా అవుతుంది. అందుకని వర్క్ ఇన్‌స్పెక్టరును వెంటబెట్టుకుని నేనే ఆ ఊరి సర్పంచి ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని మిరపకాయల బస్తాలు ఎత్తించాల్సిన లారీ కోసం ఎదురుచూస్తున్నాడు. కాఫీ ఇచ్చాడు, మర్యాదగా విన్నాడు. విని, "మా ఊరి కంపు కూడా ఆ ఊరికి పోనియ్యం సార్" అన్నాడు. నా ఉద్యోగ జీవితంలో ఎన్నో ఊళ్ళు నీళ్ళ కోసం పోట్లాడుకోవడం చూశాను. మురుగు దాచుకున్న ఊరిని చూడటం అదే మొదలు.

తిరిగొచ్చి గేదెలావిడకు సంగతి చెప్పాను. ఆమె గేదెకు కుడితి పెడుతూ, తల ఎత్తకుండా అడిగింది. "మనిషి ఎట్టా ఉన్నాడు సార్? ఒళ్ళు చేశాడా, చిక్కిపోయాడా?"

"నీకు తెలుసామ్మా ఆయన?"

"మా అన్నే. ఆ ఊరే నా పుట్టిల్లు."

తర్వాత మెల్లగా చెప్పింది. ఆ కొట్లాటలో ఆమె భర్త ఒకవైపు, అన్న ఒకవైపు నిలబడ్డారట. అప్పటి నుంచి రాకపోకలు లేవు. భర్త పోయినప్పుడు కబురు పంపింది. పుట్టింటి నుంచి ఒక్కరూ రాలేదు. శవాన్ని చాలాసేపు ఆపి, వాళ్ళు వస్తారేమోనని దారి చూశారట. ఈ మాట చెబుతున్నప్పుడు కూడా ఆమె కళ్ళలో నీళ్ళు రాలేదు. గేదె మెడ నిమురుతూ ఉంది.

"నేనొస్తా పదండి సార్" అంది.

మర్నాడు ఆమెను జీపులో తీసుకెళ్ళాను. ఊళ్ళోకి రాగానే కొంగు నిండుగా కప్పుకుంది. జీపు దిగి, అన్న ఇంటి ముందు ఆగి, గడప ఎక్కకుండా వాకిట్లోనే నిలబడింది. అన్న ఆమెను చూసి లేచాడు, ఏం చేయాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. లోపలి నుంచి వదిన పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆమె వదిన చేతిని అలాగే పట్టుకుని, అన్నతో మాట్లాడింది.

"ఆయన పోయినప్పుడు ఎందుకు రాలేదని అడగటానికి రాలా అన్నా. సారె అడగటానికొచ్చా."

పెళ్ళయిన ఆడపడుచుకు పుట్టింటివాళ్ళు చీర, చలిమిడి, పసుపు కుంకుమ పెట్టి పంపేదే సారె. ఆడపడుచు నోరు తెరిచి అడిగాక లేదనడం ఎంత పగవాడికైనా మా వైపు కుదరదు.

అన్న నేల చూపులు చూస్తూ అన్నాడు. "ఏం కావాలి? చీరె పెట్టమంటావా?"

"చీరె నా గేదెలు తాగవు అన్నా. మీ గుంట అడుగున నల్లమడ్డి కావాలి. పచ్చనీళ్ళు కావాలి. నా బావి పోతంది."

వాకిట్లో పోగైన జనంలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అన్న మాత్రం నవ్వలేదు. మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. చివరికి నా వైపు తిరిగి, "రేపు వస్తదని చెప్పండి సార్" అన్నాడు. పక్కనే నిలబడ్డ చెల్లెలికి నా ద్వారా కబురు పంపాడు.

మర్నాడు పొద్దున మేమంతా గట్టు మీద ఎదురుచూస్తున్నాం. పొలాల దారిలో ట్రాక్టరు కనపడింది. దగ్గరికొచ్చేకొద్దీ నాకు ఆశ్చర్యం ఎక్కువైంది. ట్రక్కు నిండా ప్లాస్టిక్ డ్రమ్ములు. ప్రతి డ్రమ్ముకూ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. సారె బిందెలకు పెట్టినట్టే మూతుల మీద తమలపాకులు పెట్టారు. డ్రమ్ముల మధ్య వదిన కూర్చుని ఉంది, ఒళ్ళో చలిమిడి గిన్నె, కొత్త చీర. ట్రాక్టరు నడుపుతున్నది అన్నే. ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకుని ఊరంతా రోడ్డుకు రెండు వైపులా నిలబడింది. ఇంకా చెరిగిపోని ఆ సున్నపు గీతల మధ్య నుంచే ఆ ట్రాక్టరు వచ్చింది. ఎవరూ వేళాకోళం చేయలేదు. ఎదురుపడితే కర్రలు తీసే ఊరి ట్రాక్టరుకు మా సర్పంచి గారు పక్కకు జరిగి దారి ఇచ్చారు.

నాకు దేవుడి మీద పెద్ద పట్టింపు లేదు. ఆ పొద్దున మాత్రం మురుగు గుంట గట్టు మీద చెప్పులు విడిచి నిలబడ్డాను. ఎందుకు విడిచానో నాకే తెలియదు, పక్కన వర్క్ ఇన్‌స్పెక్టరు కూడా విడిచాడు.

మడ్డి మొదటి గుంటలోకి, పచ్చనీళ్ళు రెండో గుంటలోకి పోయించాం. డ్రమ్ములు ఖాళీ అయ్యాక అన్న గుంట వైపే చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "బావ పోయినప్పుడు రావాల్సింది. కాళ్ళు రాలా."

ఆమె వదిన చేతిలోని చలిమిడి గిన్నె అందుకుంది. తర్వాత, "అన్నం తిని పో అన్నా. వదినా, నువ్వూ లే" అంది. ఆ రోజు వాళ్ళు ఆ ఇంట్లో భోజనం చేశారు. నేనూ చేశాను. గోంగూర, గడ్డ పెరుగు.

ఇక ఆ తర్వాత చూసింది ఎలా చెప్పాలో ఇప్పటికీ నాకు సరిగ్గా రాదు. మేం ఏమీ చేయలేదు. పొద్దునా సాయంత్రం వెళ్ళి చూడటమే. మొదట గట్టు వెంబడి నీటిలో లేత పచ్చ ఛాయ, అనుమానించాల్సినంత పల్చగా. తర్వాత అది మధ్యకు పాకింది. ఒక మధ్యాహ్నం ఎండలో నీటి మీద సన్నటి బుడగలు లేచాయి, గుంట ఊపిరి తీసుకోవడం కళ్ళతో చూశాను. కంపు తగ్గింది, ఆపై పోయింది. ఎక్కడి నుంచి వచ్చాయో తూనీగలు వచ్చాయి. కప్పల్ని ఎవరు పిలిచారో అవీ వచ్చాయి. మాడిన మెట్టతామర మొదట్లోంచి చుట్టచుట్టుకున్న కొత్త ఆకు లేచింది. చదువుకున్న చదువంతా దీని గురించే. అయినా కళ్ళెదుట జరుగుతుంటే ఆ చదువు నా ఆశ్చర్యాన్ని కాస్త కూడా తగ్గించలేకపోయింది. ఇంత పని చేసేవాళ్ళు ఎవరూ కంటికి కనపడరు, పిలిస్తే పలకరు, మెచ్చుకోవాలంటే మొహాలు లేవు.

పెళ్ళి పందిట్లో గాలికి మల్లెపూల వాసనే వచ్చింది. గట్టు తెగలేదు. పక్క ఊరి సర్పంచికి పెళ్ళిపిలుపు వెళ్ళింది, ఆయన వచ్చి వెనక వరసలో కూర్చుని భోంచేసి వెళ్ళాడు. బావి బావిగానే ఉంది.

ఒకరోజు దగ్గర్లోని హైస్కూలు సైన్సు మేష్టారిని బతిమాలి మైక్రోస్కోపు తెచ్చాను. గట్టు మీద నాపరాయి మీద పెట్టి, రెండో గుంట నుంచి ఒక చుక్క నీళ్ళు గాజు పలక మీద వేశాను. ముందు నేను చూశాను. పచ్చటి పూసలు, కాడల చివర గంటల్లా ఊగేవి, గిరగిరా తిరుగుతూ పరుగెత్తేవి. ఒక్క చుక్కలో తిరునాళ్ళంత సందడి. సర్పంచి గారు చూసి, "వీళ్ళనా సార్ మేం చంపింది" అని మెల్లగా అన్నారు. వర్క్ ఇన్‌స్పెక్టరు ఒకసారి చూసి చాలక రెండోసారి చూశాడు.

చివర్లో గేదెలావిడ చూసింది. ఒక కన్ను మూయడం చేతకాక అరచేతిని అడ్డం పెట్టుకుంది. మొదట ఏమీ కనపడలేదంది. మరను కాస్త తిప్పాను. ఆమె కదలడం మానేసింది.

"సార్, ఇయ్యన్నీ ఆ డ్రమ్ముల్లో వచ్చినయ్యేనా?"

"వాటి పిల్లలు, పిల్లల పిల్లలు. అన్నీ అక్కడి నుంచి వచ్చినవేనమ్మా."

గేదెలు బావి తొట్టి దగ్గర నీళ్ళు తాగుతున్న చప్పుడు వినపడుతోంది. ఆమె చాలాసేపు కన్ను తీయలేదు. తీసినప్పుడు, భర్త చావు గురించి చెప్పినప్పుడు కూడా రాని నీళ్ళు చెంపల మీదికి కారాయి. తుడుచుకోలేదు.

"మా పుట్టింటి నుంచి ఇంతమంది ఎప్పుడూ రాలా సార్" అంది.